బొట్టు లేని డిస్కు

పాల ప్యాకెట్ మూల ఎంత జాగ్రత్తగా కత్తిరించినా మొదటి ధార చొక్కా మీదికే వస్తుంది. ప్యాకెట్‌కు నా మీద ప్రత్యేకమైన కోపమేమీ ఉండకపోవచ్చు. కానీ గౌలిపురలో, మూడు తరాలు బర్రెలు కట్టేసిన ఇంట్లో నిలబడి కత్తిరించేవాడికి కొంత అనుమానం వస్తుంది.

బాపు పోయాక బర్రెలూ పోయాయి. కొట్టం ఉన్న చోట నా గది వచ్చింది. ఆ గదిలో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టాను. ఇంటి ఫోటోలు, సినిమాలు, వీడియోలు అన్నీ దాని డిస్కులోనే ఉండేవి. ముందుగదిలో టీవీ పెట్టుకుని చూసేవాళ్లం. అమ్మ మాత్రం ఒక్కటే చూసేది. సదర్ పండుగకు బాపు దున్నపోతును ముస్తాబు చేస్తుంటే నేను తీసిన వీడియో. ఒళ్లంతా నూనె రాసి, మెడకు గవ్వల పట్టీ కడుతూ, మధ్యలో నా వైపు తిరిగి, "ఫోన్ పక్కకు పెట్టి తాడు పట్టుకోరా, దొరా!" అంటాడు. బాపు గొంతు మాకు మిగిలింది అదొక్కటే. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ రోజూ ఆ తిట్టు వినేది.

"గది ఫోన్ల గూడ ఉంచుకోరాదు బిడ్డా," అని ఒకసారి అంది.

"ఫోన్ పోతదమ్మా. సర్వర్ల భద్రం," అన్నాను.

సర్వర్ బాగానే నడుస్తోంది. నాకు నచ్చనిది అదే. ఆఫీసులో అందరూ ఇళ్లలో వర్చువల్ మెషీన్లు పెట్టుకుంటున్నారు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే ఏర్పాటు అది. అమ్మకు వివరించాను.

"ఉన్న ఇంట్లనే ఇంకో ఇల్లు కడ్తవా? ఎవరుంటరు అండ్ల?" అంది.

సమాధానం సాంకేతికమైనది కాబట్టి చెప్పలేదు.

పాత డిస్కులాంటిదే కొత్తది కొన్నాను. అదే కంపెనీ, అదే సైజు. పాతదాన్ని మొత్తంగా కొత్తదాని మీదికి కాపీ చేసి, కొత్తదాన్ని వర్చువల్ మెషీన్‌కు అప్పజెప్పాలి. ఆదివారం పొద్దున పాతదాన్ని సర్వర్‌లోంచి ఊడదీసి, దుమ్ము తుడిచి, బల్ల మీద కొత్తదాని పక్కన పెట్టాను. టీ తాగి వచ్చేసరికి ఏది ఏదో గుర్తులేదు. మీదున్న నంబర్లు చదవవచ్చు. కళ్లద్దాలు అవతలి గదిలో ఉన్నాయి. అయినా మా ఇంట్లో పాత సామాను పోల్చుకోవడానికి నంబర్లెందుకు? దసరా రోజు కుట్టుమిషన్ మొదలు మిక్సీ దాకా అమ్మ అన్నిటికీ బొట్టు పెడుతుంది. ఒక డిస్కుకు కుంకుమ బొట్టు ఉంది. ఇంకొకటి బోసిగా ఉంది. బొట్టున్నది పాతది. నా తెలివికి నేనే కొంచెం మురిసి కాపీ మొదలుపెట్టాను.

మధ్యాహ్నం దాకా నడిచింది. ఒక్క తప్పు కూడా లేకుండా పూర్తయిందని తెర మీద వచ్చింది. నిజమే. ఖాళీ డిస్కులోని ఖాళీనంతా, చుక్క కారకుండా, నిండు డిస్కులోకి పోసి, అందులో ఉన్నదంతా తుడిచేసింది.

అమ్మ అన్నం తిని టీవీ ముందు కూర్చుంది. వెళ్లి చెప్పాను. బొట్టు సంగతి కూడా చెప్పాను, సగం నేరం దాని మీదికి నెట్టే ఉద్దేశంతో.

"పోయిన దసరాకు బొట్టు పెడ్దామని నీ కంప్యూటర్ డబ్బ మూత తీయబోతే, కరెంట్ కొడ్తది ముట్టకు అని లొల్లి చేసినవు. పాతదానికి నేనెన్నడు పెట్టలే," అంది. "మొన్న కొత్తది మంచం మీద పెట్టి పోయినవు. ఇంట్లకు కొత్త సామాన్ వచ్చిందని పెట్టిన."

"దుకాణంల చూపిస్తనమ్మా. మళ్ల వస్తదేమో," అన్నాను.

రాదని నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మకూ తెలుసు. రిమోట్‌ను కొంగుతో తుడిచి టీవీ పక్కన పెట్టింది.

"ఇంట్లనే ఉన్న కదరా. ఏది పాతదమ్మా అని ఒక్క మాట అడిగితే నీ సదువు తగ్గుతుండెనా?"