ఎర పిల్ల

కొబ్బరిచెట్టెక్కడంలో దర్కిమ్‌ను మించినవాడు బాన్యుమాస్ కొండల్లో లేడని చెప్పుకునేవారు. పొద్దునా సాయంత్రమూ తోటంతా ఎక్కి దిగి, నీరా నిండిన వెదురు గొట్టాలు నడుముకు వేలాడేసుకుని ఇంటికొచ్చేవాడు. భార్య వర్సితి దాన్ని కాచి బెల్లం అచ్చులు పోసేది. అంత బలమున్న మగాడికి పిల్లలు పుట్టకపోతే లోపం ఎవరిది? ఊరికి అనుమానమే రాలేదు. పాపం వర్సితి తొక్కని గడప లేదు, తాగని కషాయం లేదు. కండ ఉంటే అన్నీ ఉన్నట్టేనని నమ్మే లోకం. ఆడదాని నోట్లో చేదు పోయడానికి ఆ లోకానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పిల్లల్లేనివాళ్ళు చుట్టాల బిడ్డను తెచ్చి పెంచుకోవడం అక్కడి ఆచారం. దత్తత కాదు, ఎర. ఇంట్లో పసిపిల్ల నవ్వు వినబడితే కడుపున ఇంకో బిడ్డ పడుతుందని నమ్మకం. అలా వర్సితి చెల్లెలి కూతురు నింగ్రుమ్ పాకే వయసులో ఆ ఇంటికొచ్చింది. ఇప్పుడు బడికి పోతోంది. చేప మాత్రం పడలేదు.

వర్సితి పరీక్షలన్నీ చేయించుకుంటే ఏ లోపమూ కనబడలేదు. మీ ఆయన్ను పంపమన్నారు డాక్టర్లు. ఊరు నమ్మలేదు, కషాయాలు ఆగలేదు. "నాకేం రోగం?" అన్నాడు దర్కిమ్. అన్నాడే గానీ, పోయిన వానాకాలం బెల్లం అమ్మకానికని చెప్పి ఒక్కడే పట్నం ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో చూడమంది. వీర్యకణాలున్నాయి, చాలానే ఉన్నాయి. ఎక్కడివక్కడే పడున్నాయి. ఒకటీ అరా తోకాడించి ఆగిపోతున్నాయి.

"మీరు బెల్లం కాస్తారు కదా? పొయ్యిలో కట్టె పెట్టగానే సరా? మండాలి కదా. ఈ కణం మెడ దగ్గర శక్తిని పుట్టించే బుల్లి పొయ్యిలు ఉంటాయి. తోక ఆడాలంటే ఆ శక్తి కావాలి. మీవాటిలో పొయ్యి సరిగ్గా రాజుకోవట్లేదు."

"నేను రోజూ చెట్లెక్కుతానండీ."

"ఎక్కుతారు. అది ఒంటి బలం. అదుంటే ఇదుండాలని లేదు."

సిగరెట్లు మానాడు, ఇచ్చిన మాత్రలన్నీ మింగాడు. రెండోసారి చూసినా అవి అలాగే పడున్నాయి. కణాన్ని సూదితో గుడ్డులోకి ఎక్కించే పద్ధతి రాజధానిలో ఉందట. దాని ఖర్చు విన్నాక అతను మళ్ళీ అడగలేదు.

బస్టాండులో వేడివేడి సోతో పులుసు తాగాడు. నాలుక కాలింది, కాలినట్టు తెలియలేదు. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఇంట్లో చెప్పనూ లేదు. సిగ్గుపడి దాచాడంటే అది సగం నిజమే. చెప్పాలంటే ముందు మనసుకు ఏదో ఒకటి అనిపించాలి, అతనికేమీ అనిపించలేదు. వర్సితి చెట్ల వేర్లు నూరి కషాయం కాచుకుని, ముక్కు మూసుకుని తాగుతుంటే బండరాయిలా చూస్తూ కూర్చునేవాడు. చెంప పగలగొట్టాల్సిన మొద్దుతనం, కానీ ఎవరికైనా తెలిస్తే కదా.

ఉపవాసాల నెల దగ్గరపడుతుండగా దర్కిమ్ తల్లి వచ్చింది. కూర్చుంటూనే మొదలెట్టింది.

"ఈ ఎర చప్పబడిపోయిందిరా. దీన్ని వాళ్ళమ్మ దగ్గరికి పంపేసి, మీ అన్న చిన్నకొడుకుని తెచ్చుకోండి. చేప పడకపోతే ఎర మార్చమూ?"

గొడ్రాలని పేరుపడ్డాక నోరెక్కడ లేస్తుంది? "మీ ఇష్టం అత్తయ్యా" అని వర్సితి లోపలికెళ్ళి పిల్ల బట్టలు సర్దసాగింది. మడిచిన గౌనే విప్పి మళ్ళీ మడుస్తోంది.

నింగ్రుమ్ వచ్చి దర్కిమ్ మోకాలు పట్టుకుంది.

"నాన్నా, నేను సరిగ్గా నవ్వలేదా? అందుకేనా తమ్ముడు రాలేదు?"

ఇన్ని నెలలుగా ఎక్కడా తగలనిది అప్పుడు తగిలింది అతనికి.

"అమ్మా, ఎర మార్చి లాభం లేదు. లోపం నాది."

"నోర్ముయ్. కోతిలా చెట్లెక్కేవాడివి, నీకు లోపమేంట్రా? పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావా?"

"లేదమ్మా. డాక్టరమ్మ నా కళ్ళకే చూపించింది. నా కణాలకి కదిలే శక్తి లేదు. మందులు వాడినా రాలేదు. వర్సితికేం లేదు. మొదట్నించీ ఏం లేదు."

తల్లి గబుక్కున వాకిలి వైపు చూసింది.

"బయట అనకురా ఈ మాట. పరువు పోతుంది."

"పోనీ."

వర్సితి సంచితో గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వానల్లో."

"మరి ఆ తర్వాత నేను తాగిన కషాయాలో?"

ఆమె సంచి కింద పెట్టి, బట్టలు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టింది. మొగుడి మొహం చూడలేదు. ఆ రోజే కాదు, చాలా రోజులు చూడలేదు. అది న్యాయమే.

నింగ్రుమ్‌కు అర్థమైంది కొంచెమే.

"అయితే తమ్ముడు ఇంక రాడా?"

"రాడమ్మా" అన్నాడు దర్కిమ్.

"మరి నేను ఇక్కడ దేనికి?"

వర్సితి పిల్లను దగ్గరికి లాక్కుంది.

"దేనికీ కాదే. మా పిల్లవి, అంతే."