ఎర్త్ దగ్గర బీరపాదు

రాస్తున్నావా తల్లీ? నేను మెల్లగానే చెప్తాలే, నువ్వు తొందరపడకు. ఆ రోజుల్లో ఇద్దరు ఫోన్లో మాట్లాడుకోవాలంటే మధ్యలో మూడో మనిషి కూర్చోవాలి. ఇప్పుడు మీ మాట ఎటు పోయి ఎటు వస్తుందో మీకూ తెలీదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అప్పుడు జగ్గయ్యపేటలో ఆ మూడో మనిషిని నేనే. (అవును, నేనే. నవ్వకుండా టైపు చెయ్యి.) మొన్న నువ్వు వైవా అని కాగితం పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ నాయిస్, క్రాస్‌టాక్, అటెన్యుయేషన్, ఎర్తింగ్ అని జపం చేస్తున్నావు చూడు, వంటింట్లో నా చేతిలో గరిట ఆగిపోయింది. "ఎర్తింగా? దాని సంగతి నన్నడుగు" అంటే, "నీకు అర్థం కావులే అమ్మమ్మా, ఇవి ఇంజినీరింగ్ మాటలు" అన్నావు. అందుకే ఇవాళ నిన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నా. ఆ మాటల్లో సగం నాకు అర్థం తెలియకముందే చేతికి తగిలాయి. ఒకటైతే ఒక పెద్దాయన అరిచేతులు చీరేసింది.

మాది పెనుగంచిప్రోలు పక్కన పల్లె. నాకు పందొమ్మిదేళ్లు. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి గడప దాటడం అదే మొదలు. ఆరు నెలల టెంపరరీ, ఆ తర్వాత సూపర్‌వైజరు రిపోర్టు బాగుంటే పర్మనెంటు. నాన్న బస్సెక్కిస్తూ ఒకటే అన్నాడు: "ఆర్నెల్లు చూస్తా. పర్మనెంటు అయిందా, నీ ఇష్టం. కాలేదా, వచ్చి మిరపకాయలు ఏరుకో. మళ్లీ ఊరు దాటే మాట ఎత్తద్దు." ఆయన మాటంటే మాటే. మా పిన్ని వాళ్లింట్లో ఉండి రోజూ ఎక్స్‌చేంజికి నడిచి వెళ్లేదాన్ని. ఎక్స్‌చేంజంటే ఏదో మేడ అనుకునేవు. పెంకుటిల్లు, వెనక గిలకబావి, ముందు గదిలో బీరువా అంత బోర్డు. ఎవరైనా ఇంట్లో ఫోను హ్యాండిల్ తిప్పితే బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు టక్కున కిందకి పడేది. దాన్ని డ్రాప్ అనేవాళ్లం. వెంటనే కార్డు తీగ తీసి, దాని కొసనున్న ప్లగ్గు ఆ నంబరు జాక్‌ కన్నంలో గుచ్చి, "నంబర్ ప్లీజ్" అనాలి. మొదటి వారం నేను నంబర్ ప్లీజ్ అనేలోపు నాకే చెమటలు పట్టేవి.

మా సూపర్‌వైజరు గారిని అందరూ వెనకాల డెఫినిషన్ గారు అనేవాళ్లు. ఆయన మనిషిని చూస్తే పేరు అడగడు, డెఫినిషన్ అడుగుతాడు. నేను చేరిన రోజున కళ్లద్దాల్లోంచి చూసి, "వాట్ ఈజ్ ఎర్త్?" అన్నాడు. నేను రాత్రంతా బట్టీ పట్టిన పిల్లని. చేతులు కట్టుకుని, "ఎర్త్ ఈజ్ ఎ బాడీ ఎట్ జీరో పొటెన్షియల్ సార్" అన్నా. "గుడ్" అన్నాడు. గుడ్ అన్నాడు కాబట్టి నాకు తెలుసనే అనుకున్నా. ఆయనా తెలుసనే అనుకున్నాడు.

ఆ ఎర్త్ వెనక పెరట్లో ఉండేది. అది నాకు చూపించింది లైన్‌మన్. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ భుజాన తాడు చుట్టతో ఉండేవాడు, ఊరంతా స్తంభాల బాబాయి అని పిలిచేది. ఇంకో ఏడాదిలో రిటైరు. భూమిలోకి ఒక ఇనప పైపు దించి, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపిన గుంట, పైపు నుంచి బోర్డుకి ఒక రాగి తీగ. "ఇదిగో అమ్మాయ్, మన దగ్గర్నుంచి నందిగామకి లైనుకి ఒక్కో తీగే పోద్ది. తిరిగొచ్చే దారి భూమిలోంచే. అన్ని లైన్లకీ కలిపి ఇదొక్కటే గుమ్మం. మనది సున్నపురాయి నేల, తొందరగా ఎండిపోద్ది. రోజూ రెండు బకెట్లు నీళ్లు పొయ్యి, వారానికి రెండు దోసిళ్లు ఉప్పు వెయ్యి. కాళ్లు నొప్పులమ్మా, ఇది నువ్వు చూసుకో చాలు" అన్నాడు. సరేనన్నా. ఉప్పు ఆఫీసు వాళ్లే సంచుల్లో పంపేవాళ్లు.

ఇక్కడే నా సేద్యం బుద్ధి బయటపడింది. రైతింటి పిల్లకి తడిసిన నేల ఖాళీగా కనపడితే నిద్రపట్టదు తల్లీ. మా మెట్టలో నీళ్ల కోసం ఎంత పాకులాడతామో నీకేం తెలుసు. అలాంటిది రోజూ రెండు బకెట్లు చేది, ఇనప పైపుకి పొయ్యడమా? పైపేమన్నా కాస్తుందా, పూస్తుందా? రెండు నెలలు ఓర్చుకున్నా. తర్వాత ఇంటికెళ్లినప్పుడు అమ్మనడిగి నాలుగు బీర గింజలు తెచ్చి, పైపుకి రెండు మూరల అవతల పాదు చేసి పెట్టా. పైపు దగ్గర్నుంచి పాదుకి చిన్న కాలవ తీసా. నీళ్లు పైపు మొదట్లో పోస్తే కాలవలో జారి పాదులోకి పోయేవి. కొన్నాళ్లకి అదీ ఎందుకని సరాసరి పాదులోనే పోసేదాన్ని. ఉప్పు వేస్తే తీగ మాడిపోద్ది కదా, అందుకని ఉప్పు వెయ్యడం మానేసా. పారెయ్యలేదు, ఆఫీసు సొమ్ము. జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి, ఎలకలు పడకుండా అటక మీద పెట్టా. (ఇది తప్పకుండా రాయి. ఒక్క పలుకు కూడా నేను వాడుకోలేదు.) బీరతీగ అందుకోవడానికి ఆ రాగి తీగ ఎంత వాటంగా ఉందో. దానికే పాకించా. ఆ పెరట్లోకి నేను తప్ప ఎవరూ పోయేవాళ్లు కాదు.

మార్చి వచ్చేసరికి కాయలు. లేతవి, వేళ్లంత పొడవు నించే కోసేదాన్ని. మా పిన్ని పాలు పోసి కూర వండితే క్యారియర్లో బాబాయికి కొంచెం తెచ్చేదాన్ని. ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది, పాపం, మధ్యాహ్నం పూట పచ్చడి మెతుకులే. "ఎక్కడియమ్మా ఇంత లేత కాయలు" అనేవాడు. "మా పెరట్లోవే బాబాయ్" అనేదాన్ని. ఎవరి పెరడో ఆయన అడగలా, నేను చెప్పలా. ఆయన అడిగేది రోజూ ఒకటే, సైకిలు దిగకుండా వీధి కిటికీలోంచి.

"నీళ్లు పోసావా అమ్మాయ్?"

"పోసా బాబాయ్."

"ఉప్పుందా?"

"బోలెడుంది."

ఒక్క అబద్ధం ఆడలేదు చూడు.

ఏప్రిల్లో ఎండలు ముదిరాయి. ముందు లైన్లో చిన్న గుర్రు. తర్వాత కాగే నూనెలో వడియాలు వేసినట్టు చిటచిట. మీరు నాయిస్ అంటారే, అది. ఆ తర్వాత అసలు తమాషా మొదలైంది, ఒక లైన్లో మాట ఇంకో లైన్లోకి కారడం, మీ క్రాస్‌టాక్. పత్తి వ్యాపారి ఒకాయన నందిగామ కమిషను కొట్టుతో రేటు మాట్లాడుతుంటే, అదే టైముకి ఇంకో లైన్లో ఒక పెద్దావిడ వాళ్ల చెల్లెలికి గోంగూర పచ్చడి చెప్తోంది. ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతోంది. నేను తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్నా. వ్యాపారి డ్రాప్ పడింది. "అమ్మాయ్, ఆవిడ ఎండుమిరపకాయలు ఎన్నందీ? సరిగ్గా అక్కడ గుర్రుమంది. కనుక్కుని చెప్పు, మా ఇంటావిడ రాసుకుంటోంది" అన్నాడు. ఆవిడ మాత్రం, "ఆ మగాయన రేటు మరీ తగ్గించి చెప్తున్నాడు, ఆ కొట్టు వాళ్లకి చెప్పండి" అని కంప్లైంటు. నేనూ, అవతల నందిగామ బోర్డు మీద కూర్చునే ఆపరేటరు పిల్లా కలిసి కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్విన రోజులు రెండో మూడో.

ఎందుకంటే ఆ తర్వాత ఒక మనిషి పొద్దున్నే ఎక్స్‌చేంజికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. భార్యకి బెజవాడలో ఆపరేషను, బావమరిది ఫోను చేస్తానన్నాడట. ఫోను నందిగామ మీదుగా వచ్చింది. చిటచిటలో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకుని, "ఎట్లుంది? ఎట్లుంది?" అని అదే మాట. చివరికి నందిగామ పిల్ల తన దగ్గర విని నాకు అరిచి చెప్తే, నేను ఆయనకి చెప్పా, బాగానే ఉంది, కళ్లు తెరిచిందని. ఆయన బల్ల మీద అలాగే ఒరిగిపోయాడు. ఆ కాసేపట్లో ఆయన మొహం చూసాక నాకు మళ్లీ నవ్వు రాలేదు.

ఇక బాబాయి స్తంభాలు ఎక్కడం మొదలుపెట్టాడు. నందిగామ దారిలో చిల్లకల్లు నుంచి అంబారుపేట దాకా, ఒక్కో స్తంభం ఎక్కడం, తీగలు కట్టే పింగాణీ గిన్నెలు తుడవడం, జాయింట్లు చూడటం, దిగడం, సైకిలు తొక్కడం, మళ్లీ ఎక్కడం. ఎనిమిది రోజులు, ఆ ఎండలో. ఎర్త్ దగ్గరికి ఎందుకు పోలేదంటావా? ఎందుకు పోతాడు, అది నేను చూస్తున్నాగా. రోజూ అడుగుతూనే ఉన్నాడు, పోసా అంటూనే ఉన్నా. తొమ్మిదో రోజు పొద్దున డెఫినిషన్ గారు ఆయన్ని పిలిచి, "రేపటిలోగా ఫాల్టు దొరక్కపోతే మెమో ఇవ్వాల్సొస్తుంది. రిటైరయ్యే ముందు నాకిది ఇష్టం లేదు" అన్నాడు. బాబాయి సరేనండి అని తాడు భుజానేసుకుని మళ్లీ పోయాడు. ఆ వారంలోనే నా రిపోర్టు కూడా పోవాలి.

ఆ మధ్యాహ్నం కాల్స్ లేక, నాకంటే ముందు పనిచేసినావిడ వదిలేసిన నోటుబుక్కు తిరగేస్తున్నా. డెఫినిషన్ల కింద ఆవిడ పెన్సిల్‌తో తెలుగులో ఏవో రాసుకుంది. క్రాస్‌టాక్ దగ్గర ఇలా ఉంది: "ఎర్త్ ఎండితే అన్ని లైన్లూ ఒకదాన్లో ఒకటి కలుస్తాయి. ముందు గుంట చూడాలి." చదివి, లేచి వెనక కిటికీలోంచి చూసా. నా బీరపాదు పచ్చగా, పసుప్పచ్చ పూలతో, రాగి తీగ నిండా అల్లుకుని ఊగుతోంది. పక్కన పైపు మొదట్లో నేల నెర్రెలిచ్చి తెల్లగా ఉంది. నోటుబుక్కు మూసేసా.

సాయంత్రం బాబాయి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నేను ఎదురుగా నిలబడ్డా.

"బాబాయ్, ఇంక స్తంభాలెక్కద్దు. తప్పు పైన లేదు."

"మరెక్కడుంది?"

"పెరట్లో. నేను చేసా."

ఆయన భుజాన తాడు చుట్ట దించి పక్కన పెట్టాడు. "నీళ్లు పోసానన్నావుగా."

"పోసా. పాదుకి పోసా."

"ఉప్పుందన్నావు."

"ఉంది. జాడీలో ఉంది."

లేచి పెరట్లోకి నడిచి, పైపు మొదట్లో నేల గోరుతో గీకాడు. చిటికెడు మట్టి కూడా రాలేదు. "ఎనిమిది రోజులు పైకే చూసానే తల్లీ" అన్నాడు. అంతే. ఒక్క తిట్టన్నా తిడితే బాగుండని నిలబడ్డా. తర్వాత గొంతు తగ్గించి, "నీ రిపోర్టు ఎల్లుండేగా పోయేది. ఎవరికీ చెప్పకు. చిల్లకల్లు దగ్గర నా జాయింటు ఊడింది, కట్టానని రిజిస్టర్లో రాసేస్తా" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. దాచడం ఎందుకు, ఆ క్షణంలో సరే అనే అనుకున్నా. ముందు గుంట తడుపుదామని ఆయన బావి దగ్గర చేంతాడు పట్టుకున్నాడు, పట్టుకుని వదిలేసాడు. అరిచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. నేనే చేదా. చేదుతుంటే ఆయన మామూలుగా అనే మాట గుర్తొచ్చింది. "నేను కట్టిన జాయింటు నేను పోయినా ఊడదు" అనేవాడు, దాని మీదే ఆయన మీసం నిలబడేది. అలాంటిది నా కోసం ఊడిందని రాస్తానంటున్నాడు. నాలుగో బకెట్టు పోసి, జాడీ దింపి ఉప్పంతా గుమ్మరించి, చెయ్యి కడుక్కోకుండానే సూపర్‌వైజరు గారి గదిలోకి పోయి మొత్తం చెప్పేసా. నేను చెప్తుండగానే ఆయన బల్ల మీది ఫోను ఎత్తి చూసుకున్నాడు, గుర్రు తగ్గుతోంది. ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆయన అంతా విని, "కాయలు ఎవరు తిన్నారు?" అన్నాడు.

"బాబాయికి పెట్టానండి. మీకు కూడా ఉగాదికి మా పిన్ని బీరపొట్టు పచ్చడి పంపిందండి."

"ఆ పచ్చడి ఇక్కడిదా?"

"ఇక్కడిదేనండి."

ఆయన కళ్లద్దాలు తీసి కాసేపు తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, "వాట్ ఈజ్ ఎర్త్?" అన్నాడు. జీరో పొటెన్షియల్ నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. "రోజూ రెండు బకెట్ల నీళ్లండి, వారానికి రెండు దోసిళ్ల ఉప్పండి. అది చూసే మనిషి మాట నమ్మి ఒకరు స్తంభం ఎక్కుతారండి" అన్నా. ఆయన గుడ్ అనలేదు. తల వంచుకుని ఏదో రాసుకుంటూ, "పాదు నువ్వే పీకు" అన్నాడు.

పీకా. పిందెలతో సహా. మిరప కల్లానికి పోతానని పెట్టె కూడా సర్దుకున్నా. నాలుగో రోజున రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి వార్నింగు మెమో. రెండోది నా రిపోర్టు నకలు, దాని చివర ఆయన చేత్తో రాసింది నాకిప్పటికీ నోటికొచ్చు: "ఈ ఆఫీసులో ఎర్త్ అంటే తెలిసిన ఆపరేటరు ఈమె ఒక్కతే. ఉంచవలెను." బాబాయికి చదివి వినిపిస్తే, "పీకేముందు నాలుగు కాయలు కొయ్యాల్సిందమ్మా" అన్నాడు.

ఇప్పుడు మన నందిగామ అపార్ట్‌మెంటు కింద సిమెంటు మూత వేసిన గుంట ఉంది చూడు, అదీ ఎర్తే. ఎలక్ట్రీషియను చెప్పాడు, "అది కెమికల్ ఎర్తింగ్ మామ్మగారూ, నీళ్లక్కర్లేదు" అని. తెలుసు. అయినా ఎండాకాలంలో ఎవరూ చూడకుండా ఒక చెంబు పోసొస్తా. వైవాలో అడిగితే నువ్వు మాత్రం పుస్తకంలో ఉన్నదే చెప్పు తల్లీ, మార్కులు పోగొట్టుకోకు. మీ తాతయ్య బతికున్నన్నాళ్లూ విసుక్కునేవాడు, "ఏ పని చేసానన్నా ఎక్కడ చేసావంటావేంటే" అని. నేనేం చెప్పను? కిటికీ దగ్గర ఒక పందొమ్మిదేళ్ల పిల్ల ఇంకా నాకు కనపడుతూనే ఉంటుంది, రెండు జడలేసుకుని, చెవికి రిసీవరు తగిలించుకుని, పోసా బాబాయ్ అని ఎంతో నిజాయితీగా చెప్తూ. దాన్ని తిట్టాలనిపించదు. ఎక్కడ పోసావే అని ఒక్క మాట అడగాలనిపిస్తుంది, అంతే.