చెయ్యెత్తితే ఆపిన ఆంటీ

నా చిన్నప్పుడు, మేము అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఉండగా, నాకు మా అమ్మ మాట మీద గట్టి అనుమానం ఉండేది. 'జస్ట్ చెకప్' అని తీసుకెళ్లి రెండు చేతులకీ టీకాలు వేయించింది మరి. అందుకే, ఎనిమిదేళ్లప్పుడు పన్ను పుచ్చి దవడ వాస్తే, "ఏం కాదమ్మా, లాఫింగ్ గ్యాస్ ఇస్తారు, నవ్వుకుంటూ వచ్చేస్తావు" అని అమ్మ అనగానే కారులోనే ఏడుపు మొదలుపెట్టాను. నవ్వడానికి గ్యాసెందుకు? మత్తుపెట్టి పళ్లన్నీ పీకేస్తారనుకున్నాను.

క్లినిక్‌లో డాక్టర్‌కి అసిస్టెంట్ మా తెలుగు చర్చిలో పాటలు పాడే ఆంటీయే. ఆవిణ్ణి చూశాక అనుమానం ఇంకా ముదిరింది. అమ్మా, ఆవిడా ముందే కూడబలుక్కున్నారని తేల్చేసుకున్నాను.

ఆంటీ ముక్కుకి పెట్టే మాస్క్ నా చేతికిచ్చి, తాపీగా అన్నీ చెప్పింది. ఆ గ్యాస్‌కి రంగుండదు, కాస్త తియ్యటి వాసనట. నిద్ర పట్టదు, మాటలు వినబడుతూనే ఉంటాయి. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినట్టుండి, భయం తగ్గుతుంది. కేకుల మీద వేసే క్రీమ్ డబ్బా నొక్కితే, క్రీమ్‌ని నురగలా బయటికి తోసేదీ ఈ గ్యాసేనట.

"అయితే ఇంట్లోనే పీల్చుకోవచ్చుగా" అన్నాను, ఆంటీ అబద్ధం దొరికిపోయిందనుకుని.

"ఉత్తది పీలిస్తే ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. ఇక్కడ ఆక్సిజన్ కలిపి, కొలిచి ఇస్తాం. చివర్లో కాసేపు ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే ఆ తిమ్మిరంతా దిగిపోతుంది" అంది. తర్వాత పంటి చిగురుకి సూది కూడా ఉందని, అది నొప్పి పెడుతుందని చెప్పేసింది. అమ్మ వద్దని సైగ చేసింది.

"ఇప్పుడు దాస్తే రేపు నన్ను నమ్మదక్కా" అని, ఆంటీ నావైపు తిరిగింది. "ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు ఎడమచెయ్యెత్తు. ఆపేస్తాం."

సూది నిజంగానే నొప్పెట్టింది. డ్రిల్ చప్పుడు మొదలవగానే, ఏ నొప్పీ లేకుండానే చెయ్యెత్తాను. చప్పుడు ఆగింది.

"నొప్పా?" అని ఆంటీ అడిగింది.

"కాదు. ఆపుతారో లేదో చూశాను."

డాక్టర్ గడియారం చూసుకున్నాడు. ఆంటీ మాత్రం, "మళ్లీ చూడాలనుంటే చూడు" అంది. మళ్లీ చూశాను. మళ్లీ ఆగింది. ఆ తర్వాత చెయ్యెత్తాల్సిన పని పడలేదు. గ్యాస్ వల్లనో, ఆవిడ వల్లనో, ఇప్పటికీ తేల్చుకోలేను.

నా అనుమానపు బుద్ధి పోలేదు. కానీ మా పిల్లలకి ఏ చేదు సంగతైనా ముందే చెప్పేస్తాను. వాళ్లు ఏడుస్తారు. ఏడ్చాక, ఇంకా ఏం జరుగుతుందో చెప్పమని నన్నే అడుగుతారు.