అమ్మ దూరంగా ఎందుకు నిలబడిందని అడిగిన ఆంటీ

మా పక్కింటి ఆంటీ పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున నేను ఆఫీసుకి డ్రైవ్ చేస్తుంటే అంకుల్ ఫోన్ చేసి, "మీ ఆంటీ నిద్రలోనే వెళ్ళిపోయిందయ్యా. గుండె ఆగిపోయిందంటున్నారు" అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. "మీ అమ్మగారికి నువ్వే చెప్పు, నావల్ల కాదు" అని పెట్టేశారు. నేను తర్వాతి ఎగ్జిట్‌లో దిగి ఇంటికి తిరిగొచ్చాను.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. రెండు రోజుల కిందట ఆంటీ తన పెరట్లోంచి కోసిచ్చినవే. సంగతి విన్నాక అమ్మ అడిగిన మొదటి మాట, "బాధ పడిందా?" అని. లేదట, నిద్రలోనే పోయారట అన్నాను. "క్యాన్సర్ కాదు కదా?" అంది. కాదన్నాను. "పోన్లే నాయనా" అని కాయల పళ్ళెం పక్కకి జరిపి, అప్పుడు ఏడ్చింది. చావు కబురు విని ముందు ఊపిరి పీల్చుకోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నేనూ ముందు ఊపిరే పీల్చుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడవాళ్ళ క్యాన్సర్లతో కుస్తీ పట్టిన మనిషిని ఆ జబ్బు తాకకుండా వదిలేసింది. ఆవిడకి ఎక్కడ అదే వస్తుందోనని నేను లోలోపల భయపడుతూనే ఉండేవాణ్ణి.

మాది డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్. మా వీధిలో చాలామంది కార్ల కంపెనీల వాళ్ళమే. నేను బ్రేకుల సాఫ్ట్‌వేర్ చూస్తాను. ఆంటీ మాత్రం ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో గర్భసంచి క్యాన్సర్ మీద పరిశోధన చేసేవారు. మనిషికి ఏ బాధా తెలియక ముందే, దూది పుల్లతో తీసిన నమూనాలో ఆ జబ్బు జాడ పట్టుకోవచ్చా అన్నది ఆవిడ పని. పేరు ముందు డాక్టర్ అని ఉండేసరికి, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో అందరూ ప్లేట్లు పట్టుకుని ఆవిడ చుట్టూ చేరేవారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి గ్యాస్. "నేను ఎలుకల డాక్టర్నండీ. మీకు తోకుంటే చెప్పండి, చూస్తాను" అనేవారు.

ఆదివారం భోజనానికి పిలిస్తే సగంలో లేచి వెళ్ళిపోయేవారు. "నా సెల్స్‌కి ఆకలేస్తుంటుంది, వెళ్ళి తిండి పెట్టి రావాలి" అనేవారు. ల్యాబ్‌లో పెంచే కణాలకి ఆదివారాలు తెలియవు. మా పిల్లలు చిన్నప్పుడు అవేవో కుక్కపిల్లలనుకుని చూపించమని పేచీ పెట్టారు. ఆవిడ పర్మిషన్ తీసుకుని నిజంగానే మమ్మల్ని తీసుకెళ్ళి మైక్రోస్కోప్‌లో చూపించారు. కుక్కపిల్లలు కావని తెలిసి పిల్లలు ఉసూరుమన్నారు గానీ నేను చాలాసేపు చూశాను. "ఇవి ఒకావిడకి ఆపరేషన్ చేసి తీసిన ముక్కలోంచి వచ్చినవి. ఆవిడ పేరు నాకు చెప్పరు, నంబరే ఉంటుంది. ఆవిడ ఇవ్వకపోతే నాకు పనే లేదు" అన్నారు ఆంటీ. శాంపిల్ ఎలా ఉందని తోటివాళ్ళు అడిగితే, "ఆమె బాగానే ఉంది" అని ఇంగ్లీషులో జవాబు చెప్పడం నేను చెవులారా విన్నాను.

అడగాల్సింది అడగడానికి ఆవిడ సమయం, సందర్భం చూసుకునేవారు కాదు. మా వాడి బర్త్‌డేకి కేక్ కోస్తుంటే పక్కన చేరి, "వీడికి హెచ్‌పీవీ టీకా వేయించావా?" అన్నారు. "అది ఆడపిల్లలకి కదా ఆంటీ" అన్నాను. "వీడికీ మంచిదే, రేపు వీడు చేసుకోబోయే పిల్లకీ మంచిదే. ఇద్దరు పిల్లలకీ వేయించు" అని, కేక్ ముక్క తీసుకుని వెళ్ళిపోయారు. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిల్ని పాప్ టెస్ట్ చేయించుకున్నావా అని, ఎలా ఉన్నావు అన్నంత మామూలుగా అడిగేవారు. "గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్ టీకాతో, ఈ టెస్ట్‌తో ముదరకముందే ఆపగలిగే జబ్బమ్మా. ఆ వెసులుబాటు అన్ని జబ్బులూ ఇవ్వవు. ఇచ్చినదాన్నైనా వాడుకోవద్దూ?" అనేవారు. కొందరికి చిరాకు. ఇండియన్ స్టోర్‌లో ఆవిడ కనిపిస్తే పక్క వరసలోకి తప్పుకునేవాళ్ళు ఉండేవారు. టీకా వేయించేదాకా నేనూ పప్పుల వరసలోంచి బియ్యం వరసలోకి చాలాసార్లు పారిపోయాను.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. మడి, ఆచారం గట్టిగా పట్టించుకునే మనిషి. స్నానం చెయ్యందే పూజ అల్మరా దరిదాపులకి ఎవరినీ రానివ్వదు. "ఇక్కడ దేవుడికి రూల్స్ వేరమ్మా, ఆయనా వీసా మీదే వచ్చాడు" అని నేను ఆటపట్టించేవాణ్ణి. కొన్నేళ్ళ కిందట, చలి మొదలయ్యే రోజుల్లో, అమ్మ ఉన్నట్టుండి సాయంత్రం దీపం పెట్టే పని మా అమ్మాయికి అప్పజెప్పింది. "అది నేర్చుకోవాలి కదరా" అంది. మా అమ్మాయి అల్మరా ముందు కూర్చుని వెలిగిస్తుంటే అమ్మ హాల్లో సోఫా వెనకాల నిలబడి, "ఒత్తి ముందుకి లాగు, నూనె ఒలకనియ్యకు" అని అక్కణ్ణుంచే చెప్పేది. నేను మురిసిపోయాను. ఇన్నాళ్ళకి అమ్మ పట్టు సడలించింది అనుకున్నాను. వీడియో తీసి, నాయనమ్మ నుంచి మనవరాలికి అని ఏదో గొప్పగా రాసి, మా వీధి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. దండాలూ హృదయాలూ బోలెడు వచ్చిపడ్డాయి.

మర్నాడు శనివారం. నేను ముందు లాన్‌లో రాలిన ఆకులు పోగుచేస్తుంటే ఆంటీ వచ్చారు.

"ఆ వీడియోలో మీ అమ్మగారు అంత దూరంగా ఎందుకు నిలబడ్డారు?" అన్నారు.

"పాపకి నేర్పిస్తోంది ఆంటీ."

"నేర్పేవాళ్ళు పక్కన కూర్చుంటారు. ఒత్తి వంకరగా ఉంటే చెయ్యి ఆగదు. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చూశావా?"

వీడియో తీసింది నేనే, కానీ అది చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఓ నెల పైనే అయ్యుంటుంది."

"మీ అమ్మగారికి ముట్లు ఆగిపోయి ఎన్నేళ్ళయింది?"

నలభై దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. ఆ మాటకి నా చెవులు వేడెక్కాయి. ఆకుల కుప్ప వైపు చూస్తూ, "నాకేం తెలుస్తుంది ఆంటీ" అన్నాను.

"సరే, నువ్వు కాఫీ పెట్టు. నేను మాట్లాడతాను" అని ఆవిడ మా గుమ్మంలో చెప్పులు విడిచి, అమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను. ఆవిడ బయటికొచ్చి, నాకు ఎదురుగా కూర్చుని, ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. ఎప్పుడో ఆగిపోయిన రక్తస్రావం అమ్మకి మళ్ళీ మొదలైంది. అందుకే దేవుడి దగ్గరికి వెళ్ళడం లేదు. ఇక్కడి చలికి ఒంట్లో ఏదో తిరగబడిందనుకుంది, ఎండలొస్తే అదే సర్దుకుంటుందనుకుంది. కోడలికి చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు. కొడుకుతో చెప్పుకునే మాట కాదు. "ముట్లు ఆగాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి. చాలామందికి భయపడాల్సింది ఏమీ ఉండదు. కానీ ఆ సంగతి డాక్టర్ చూసి చెప్పాలి, మనం అనుకుని ఊరుకోకూడదు" అన్నారు ఆంటీ. నేను అన్నేళ్ళు ఎగతాళి చేసిన మడి ఉండబట్టే ఆవిడకి అనుమానం వచ్చింది. లేకపోతే అమ్మ రోజూ దీపం పెట్టుకుంటూ, మాకు ఎవరికీ తెలియకుండా, ఎండల కోసం ఎదురు చూస్తూ ఉండేది.

డాక్టర్ దగ్గరికి ఆంటీ కూడా వచ్చారు. అమ్మ వెనక సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఆ ప్రాబ్లమ్ గురించి డాక్టర్‌కి ముందు నువ్వు చెప్తావా అమ్మా, నేను చెప్పనా?" అన్నాను. ఆంటీ నా వైపు తిరిగారు.

"ఏ ప్రాబ్లమ్? బ్రేక్ పోతే మీ ఆఫీసులో 'ఆ ప్రాబ్లమ్' అంటావా? గర్భసంచి. అను."

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. గర్భసంచి అన్నాను.

"గట్టిగా. మీ అమ్మగారు వెనక కూర్చున్నారు, వినబడాలి కదా."

గట్టిగా అన్నాను. వెనక నుంచి అమ్మ కిసుక్కున నవ్వింది. నెల రోజుల్లో అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

బయాప్సీలో క్యాన్సరని తేలింది. ఆ రోజుల్లో నేనెంత భయపడ్డానో చెప్పలేను. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉన్నట్టుండి ఏమీ వినపడేది కాదు. రోజూ సాయంత్రం ఆంటీ వచ్చి అమ్మ దగ్గర కూర్చునేవారు. ధైర్యం చెప్పేవారు కాదు, జరగబోయేది చెప్పేవారు. ఏ రోజు ఏం చేస్తారు, ఎక్కడ కోస్తారు, ఎప్పుడు లేపి నడిపిస్తారు. అమ్మకి అదే నచ్చింది. "భయపడకు భయపడకు అంటే ఇంకా భయమేస్తుందిరా. ఆవిడ అలా చెబుతుంటే పెళ్ళి పనుల్లా అనిపిస్తాయి" అనేది.

గర్భసంచి తీసేసే ఆపరేషన్‌కి ముందు, తీసిన దాంట్లో కొంత పరిశోధనకి ఇస్తారా అని ఆసుపత్రి వాళ్ళు అడిగారు. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ అంతా వివరించి, ఇవ్వనన్నా వైద్యంలో ఏ తేడా ఉండదని కూడా చెప్పాడు. అమ్మ ఆంటీ వైపు చూసింది. ఆంటీ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తన ముఖం చూసి అమ్మ ఒప్పుకోకూడదని అలా తిరిగారట, తర్వాత చెప్పారు. అమ్మ కాసేపు ఆలోచించి, "నన్ను ఇంత ఇబ్బంది పెట్టింది కదా, దాన్ని పోయి చదువుకోనివ్వండి" అని సంతకం పెట్టింది.

ఆపరేషన్ అయ్యాక రిపోర్ట్ వచ్చినప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో ఉన్నాను. ఫోన్‌లో తెరిచాను గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆంటీకి పంపి ఫోన్ చేశాను. ఆవిడ చదువుతున్నంతసేపూ నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. "గర్భసంచి దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. మొత్తం వచ్చేసింది" అన్నారు. ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది. "ఇక పోయి అన్నం తిను" అని ఆవిడే ముందు తేరుకున్నారు. మర్నాడు మా డాక్టర్ కూడా అదే చెప్పారు. అప్పటి నుంచి చెకప్‌లు తప్ప అమ్మకి ఇంకే వైద్యమూ అవసరం పడలేదు.

ఆవిడ పని చేసిన టెస్ట్ మాత్రం ఇంకా బయటికి రాలేదు. రిటైరైన రోజు మా డెక్ మీద కూర్చుని, "ఇంతకాలం పరిశోధన చేశాను, మీ అమ్మకి నా ల్యాబ్ ఏమీ చెయ్యలేదు. వాట్సాప్ చూసి పట్టుకున్నాను" అని నవ్వారు. ల్యాబ్ లేకపోతే ఆ వీడియోలో ఏం చూడాలో మీకెలా తెలిసేది అన్నాను. ఒప్పుకోలేదు. "టెస్ట్ ఎంత మంచిదైనా మనిషి నోరు విప్పేదాకా ఆగాల్సిందే. నా తర్వాతివాళ్ళు అది కూడా అక్కర్లేకుండా చేస్తారు, చూస్తుండు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో దిగులు లేదు. వాళ్ళ మీద ఆవిడకి నమ్మకం.

ఆంటీ అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్ నిండిపోయింది. మా వీధి వాళ్ళు, ల్యాబ్ వాళ్ళు, ఎప్పుడో పాప్ టెస్ట్‌కి ఆవిడ తరిమిన అమ్మాయిలు. మాట్లాడాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ముందుకి వెళ్తున్నారు. అమ్మ లేచింది. నలుగురిలో నోరెత్తని మనిషి, నా మోచెయ్యి పట్టుకుని మైక్ దాకా నడిచింది.

"నాకు గర్భసంచిలో క్యాన్సర్ వచ్చింది" అంది తెలుగులో. "కొడుక్కీ చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఈవిడొచ్చి తలుపేసి అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాను, చెప్పాను కాబట్టి ఉన్నాను. అంతేనండీ." నా వైపు తిరిగి, "ల్యాబ్ వాళ్ళకి అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పరా" అంది. చెప్పాను. ఒక్క మాట కూడా మింగలేదు.

తర్వాత అందరూ లేచి కాఫీల దగ్గర గుమిగూడారు. అమ్మ కుర్చీలోనే కూర్చుని ఉంది. వెనక వరసలోంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, నేనెప్పుడూ చూడలేదు. ఆమె భర్త కాఫీ మెషీన్ దగ్గర నిలబడి ఎవరైనా పలకరిస్తారేమోనని చూస్తున్నాడు. ఆమె ఒకసారి అటు చూసి, అమ్మ దగ్గరికి వంగి, "అమ్మా, మిమ్మల్ని ఒక్క మాట అడగాలె" అంది.

అమ్మ పక్క కుర్చీలో ఉన్న హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె కూర్చుంది. అమ్మ నా వైపు చూసి, దూరంగా పొమ్మని చేత్తో సైగ చేసింది.

నేను వెళ్ళి ఆమె భర్తని పలకరించాను. ఏ కంపెనీలో చేస్తారు, ఈసారి మంచు ముందే పడుతుందంటున్నారు అని మాటల్లో పెట్టాను. ఆయన భుజం మీదుగా చూస్తే రెండు తలలు దగ్గరగా కనిపిస్తున్నాయి. ఆమె ఏదో చెబుతోంది, అమ్మ చెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. ఆయన కప్పు ఖాళీ అయింది. ఇంకో కాఫీ పోసిచ్చాను.