ఓడ బల్ల మీద తెల్లమచ్చ

నా చిన్నప్పుడు కాకినాడలో మా ఇంటి వసారాలోకి ఒక ఓడ బల్ల వచ్చింది. ఎప్పుడో ఇంగ్లండు నుంచి రంగూను దాకా తిరిగిన పెద్ద ప్రయాణికుల ఓడను విప్పి సామాను వేలం వేస్తే, దాని ఫస్టుక్లాసు భోజనాల హాల్లోని బల్లను ఊళ్ళో ఒక పెద్దింటివారు కొన్నారు. దానికి మళ్ళీ మెరుపు తెచ్చే పని మా తాతయ్యకు అప్పగించారు.

తాతయ్య వయసులో ఉండగా రంగూను రేవులో అలాంటి ఓడల లోపలి చెక్కపనికి పాలిష్ పట్టినవారు. ఆ హాళ్ళ గురించి చెబుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. పైన రంగు అద్దాల గోపురం, గోడల నిండా చెక్కిన పూలతీగలు, పాదాలు మునిగే తివాచీలు. అందులో కూర్చున్న దొరలకు సముద్రం మీద ఉన్నామన్న సంగతే గుర్తు రాకూడదట. అయినా కుర్చీలు నేలకు బిగించే ఉండేవట. బల్ల అంచుకైతే, ఓడ ఊగినప్పుడు పళ్ళేలు జారిపోకుండా చుట్టూ చిన్న గట్టు. మా వసారాలో బల్లకూ అది ఉంది.

అప్పటికే తాతయ్యకు చూపు మందగించింది, వేళ్ళు వణుకుతున్నాయి. ముసలాయన పని అయిపోయిందని బజారులో అనుకుంటున్న మాట ఆయన చెవినా పడింది. అందుకే ఈ బల్ల మీద పంతం పట్టారు. స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డ ఉండతో పది రోజులు పూత మీద పూత రుద్దారు. చివరికి అందులో నా ముఖం కనిపించింది.

ఆ పెద్దింటివారి గుమస్తాగారు వచ్చి బల్ల పట్టుకెళ్ళాల్సిన రోజు పొద్దున్న, నేను పొగలు కక్కే పాలగ్లాసు తెచ్చుకుని దొరసానిలా దాని ముందు కూర్చున్నాను. గ్లాసు ఎత్తేసరికి గుండ్రంగా తెల్లమచ్చ! మా ఇంట్లో ఇత్తడి సామాను మీద ఏ మరకైనా చింతపండుతో పోయేది. అదే తెచ్చి, ఉప్పు అద్ది మరీ తోమాను. గ్లాసంత మచ్చ పళ్ళెమంత అయింది. ఇక చేసేదేమీ లేక, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చున్నాను.

తాతయ్య వచ్చి, అలవాటుగా బల్ల మీద అరచెయ్యి పోనిచ్చి, ఆ చోట ఆగిపోయారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. అక్కడే చతికిలబడి అమ్మమ్మను పిలిచారు.

"పూత చెడిపోయిందే. బజార్లో వాళ్ళన్నది నిజమే, నా చెయ్యి పోయింది. గుమస్తాగారొస్తే ఇంకెవరికన్నా ఇచ్చుకోమని చెప్పెయ్యి."

తాతయ్య అలా అనడం నేనెప్పుడూ వినలేదు. దెబ్బల భయం ఓర్చుకోగలను కానీ అది ఓర్చుకోలేకపోయాను. "నేనే తాతయ్యా" అని ఏడుస్తూ పాలగ్లాసు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను.

ఆయన నావైపు తిరిగారు. "చింతపండా?" అన్నారు.

"ఉప్పు కూడా" అన్నాను.

అంతే, కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వారు. "ఏమేవ్, విన్నావా? నా చెయ్యి బానే ఉందే!" అని అమ్మమ్మకు మళ్ళీ కేకేశారు. నాకు ఒక్క దెబ్బ కూడా పడలేదు.

గుమస్తాగారిని రెండు రోజులు ఆగమన్నారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. గుడ్డ ఉండ నా చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి, "మధ్యలో ఆపకమ్మా, ఆపితే అంటుకుపోద్ది" అంటూ నాచేతే రుద్దించారు. బల్లను బండెక్కించే వేళకు ఆ మచ్చ ఎక్కడుండేదో నాకే తెలియలేదు. తర్వాత అదే ఇంటివారు కుర్చీలు కూడా ఆయనకే పాలిష్‌కు పంపించారు.

ఆ పొద్దున్న నేను నా వీపు గురించే ఆలోచించాను. నేను నోరు మూసుకున్నందుకు ఇంకో మనిషి తన చేతుల మీద తనే నమ్మకం పోగొట్టుకుంటారని తట్టలేదు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తప్పు చేస్తే ఒప్పుకోవడానికి నేటికీ జంకుతాను, అబద్ధమెందుకు. కానీ ఆయన అలా చతికిలబడటం గుర్తురాగానే వెళ్ళి చెప్పేస్తాను. తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. చాలాసార్లు మాత్రం ఎదుటివాళ్ళు, తప్పు తమది కాదని తెలిసి, ముందు "హమ్మయ్య" అనే అన్నారు.