గోవిందస్వామి టీవీ చూడనివ్వడు

గోవిందస్వామి ఉన్న గదిలో టీవీ నోరు మూసుకోవాల్సిందే. తెర మీద వాళ్ళు గుండెలు బాదుకుని ఏడ్చినా, ఇల్లు ఎగిరిపోయేలా అరిచినా, వినిపించేది ఈయన గొంతొక్కటే.

ఆ గొంతు తయారైంది వ్యాసర్పాడి రైలు యార్డులో. వరసగా తగిలించిన పెట్టెల చివర నిలబడి, అవతలి చివరనున్న ఇంజను డ్రైవరుకు వినపడేలా "రా... ఇంకా రా... ఆగు!" అని అరవడం ఆయన ఉద్యోగం. మనిషి రిటైరయ్యాడు గానీ గొంతు కాలేదు. ఆయన పిట్టగోడ దగ్గర దగ్గాడంటే కాకులు లేచి పక్క వీధికి పోయి కూర్చునేవి. మనుషులకు ఆ సౌకర్యం కూడా లేదు.

వీధిలో ఆడవాళ్ళంతా సాయంత్రం సీరియల్‌కు అమ్ములత్త ఇంట్లో చేరతారు. అమ్ములత్త కోడలు దమయంతి ఆడి నెల, అంటే ఆషాఢం, తగ్గింపు ధరల్లో పురసవాక్కం బజారుకు పోయి గోడంత టీవీ కొనుక్కొచ్చింది. దానికి ఎదురుగా అమ్ములత్త మడత కుర్చీ. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో గోవిందస్వామి. చివర్లో, ఈ మనిషితో తనకే సంబంధమూ లేనట్టు మొహం పెట్టుకుని, ఆయన భార్య అలమేలు.

"ఇదో, వస్తా ఉండాది చిన్న కోడలు! ఎర్ర చీర. చేతిలో పాల గ్లాసు. విషం కలిపింది, ఆ మూతి చూస్తే తెలీదా? పెద్దాయన తాగడు. పిల్లి తాగతాది. సుమ్మా చూడండి!"

'సుమ్మా చూడండి' ఆయన ఊతపదం. మాట్లాడకుండా ఊరికే చూడమని అర్థం. అది ఆయన తప్ప అందరూ పాటించాలి.

"చూడనిస్తే కదా మామా!" అంది దమయంతి.

ఆ పాలు పెద్దాయనే తాగి పోయాడు. గోవిందస్వామి చెక్కు చెదరలేదు.

"పిల్లికి కాల్షీట్ దొరకలే," అన్నాడు.

రాబోయే సినిమాల సంగతైతే చెప్పనక్కర్లేదు. పోస్టరు పడితే చాలు, కథ మొత్తం ఆయన చేతిలో ఉన్నట్టే. "హీరోకు గడ్డముంటే చెల్లెలు చచ్చినట్టు. గడ్డం గీసుకుంటే పగ తీరినట్టు. ఇప్పుడు విలన్ను మొదటి భాగంలో చంపరమ్మా, రెండో భాగానికి ఊరేసి పెడతారు, మాగాయ మాదిరి." పాటల పోటీ పెడితే, "జడ్జీ కన్ను తుడుచుకుంటే పిల్ల గెలిచింది. కుర్చీ ఎక్కితే కప్పు గూడా ఇచ్చేసినట్టే." ఒకే ఇంట్లో పదిమందిని పెట్టి తాళమేసే షో వస్తే, "జీతాలిచ్చి కొట్లాడిస్తా ఉండారు. మన కొళాయి కాడ ఊరికే దొరకతాదే!" అనేవాడు.

అందరికంటే గట్టిగా తిట్టేది అమ్ములత్త. "ఒరే గోవిందూ! నీ నోట్లో గూడ్సు బండి దూర! కాసేపు ఊరుకోరా!" అనేది. మరుక్షణమే, "ఊఁ, ఇప్పుడొచ్చిందెవురు?" అనేది. పెద్దావిడ చాదస్తం అనుకునేది అలమేలు.

ఒక రోజు సీరియల్లో చిన్న కోడలి గుట్టు బయటపడబోతోంది. వీధంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడు గోవిందస్వామి తెరలోని కిటికీ కర్టెన్ల రంగు చెప్పడం మొదలుపెట్టాడు. గుట్టు కాస్తా కర్టెన్లలో కలిసిపోయింది.

దమయంతి లేచి నిలబడింది. "మామా, తప్పుగా అనుకోవద్దు. రేపట్నుంచి మీరు ఈ పక్కకు రావద్దు."

అలమేలుకు తల కొట్టేసినట్టయింది. గోవిందస్వామి లేచి చెప్పులేసుకున్నాడు. పోతూ పోతూ అమ్ములత్త వైపు ఒక్కసారి చూశాడంతే.

మర్నాడు అలమేలు ఒక్కతే వెళ్ళింది. ఆహా, ఏం ప్రశాంతత! తెర మీద పెళ్ళి. మంగళవాద్యం మోగుతోంది. ఇంతలో పెళ్ళికొడుకు పీటల మీది నుంచి లేచిపోయాడు, పెళ్ళికూతురు మాటా పలుకూ లేకుండా నేల మీద పడిపోయింది. నాదస్వరం వాళ్ళకు సంగతి తెలియదు గనక వాయిస్తూనే ఉన్నారు.

"అబ్బ! పిల్ల ఎంత కళగా ఉండాది! ఎవురన్నా దిష్టి తీయండే!" అంది అమ్ములత్త.

అందరూ వేళాకోళమనుకుని నవ్వారు. అలమేలు నవ్వబోయి ఆగిపోయింది. అమ్ములత్త చూస్తున్నది టీవీని కాదు. దాని పక్కన గోడకు వేలాడుతున్న నగల కొట్టు క్యాలెండరును.

అలమేలు ఇంటికొచ్చి తలుపేసింది. "అమ్ములత్తకు కండ్లు కనపడవా?"

"మెల్లగా! వీధికి వినపడతాది!"

"ఈ మాట నువ్వా నాకు చెప్పేది!"

గోవిందస్వామి గొంతు తగ్గించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత చిన్న గొంతు ఆయనకుందని అలమేలుకే తెలియదు. "పొర కమ్మింది. పోయిన ఆడి నెలలోనే కనిపెట్టినా. నేను గడపెక్కితే 'రా దమయంతీ' అనింది. ఇంత మీసం పెట్టుకుని నేను దమయంతినంట!"

"మరి చెప్పకూడదా? ఆస్పత్రికి పోదురు కదా!"

"ఎట్ట చెప్పేది? వీధిలో అందరి కళ్ళజోళ్ళనీ ఎగతాళి చేసిన మనిషి. కండ్లు పోయినాయంటే వంటింట్లో గరిటె కోడలి చేతికి పోతాదని భయం. నాకు తెలుసని గూడా ఆయమ్మకు తెలీదు."

"అందుకని ఊరంతటి చేతా తిట్లు తింటా ఉండావా?"

"డ్రైవరుకు వెనక్కి కనపడదు అలమేలూ. కనపడేవాడు అరవాల. అరవకపోతే పెట్టె పోయి గోడకు కొట్టుకుంటాది."

అలమేలు లేచి వంటింట్లోకి పోయింది. కాఫీ కలిపి తెచ్చింది. అడక్కుండా కాఫీ రావడం ఆ ఇంట్లో పండగలకే జరుగుతుంది.

"ఇట్ట ఎన్నాళ్ళు అరుస్తావు? ఏదో ఒకటి చెయ్యి," అంది.

తెల్లవారి ఇద్దరూ కలిసి అమ్ములత్త దగ్గరికి పోయారు.

"అత్తా, దీపావళికి రాజుల సినిమా వస్తా ఉండాది," అన్నాడు గోవిందస్వామి. "ఏనుగులు, కత్తులు, కోటలు. ఈసారి కథ చెప్పను. పోస్టరు చూసినా అంతు పట్టలే."

అమ్ములత్తకు రాజుల సినిమాలంటే ప్రాణం. "పోదాంరా! నువ్వు నా పక్కన కూర్చో."

"హాల్లో నోరు తెరిస్తే బయటికి తోసేస్తారత్తా. ఈ సినిమా నువ్వే చూసుకోవాల."

అమ్ములత్త చాలాసేపు చీర కొంగు ముడి వేసి విప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పట్నుంచి తెలుసురా నీకు?" అంది.

"నన్ను దమయంతీ అన్నప్పట్నుంచి."

"నీ మీసం తగలడ! అప్పుడే చెప్పకూడదూ? సరి, ఆస్పత్రికి పోదాం పద. కోడలికి మాత్రం చెప్పొద్దు."

"చెప్పాల్సిన పనేముండాది అత్తా," అంటూ దమయంతి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కన్నీళ్ళు కొంగుతో తుడుచుకుంటోంది గానీ మాట మాత్రం బిగించింది. "సాంబారులో ఉప్పుకు బదులు చక్కెర ఎందుకు పడతా ఉండాదో ఇప్పుడు తెలిసింది. గరిటె నువ్వే పెట్టుకో. ఉప్పు డబ్బా నాకియ్యి."

ఎగ్మూరు కంటి ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళజోడుతో అమ్ములత్త మళ్ళీ మడత కుర్చీలో కూర్చున్న రోజు, దమయంతి స్వయంగా పోయి గోవిందస్వామిని పిలుచుకొచ్చింది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. సీరియల్ మొదలైంది. ఏడాదిలో మొదటిసారి వీధి మొత్తానికి ప్రతి మాటా వినపడింది.

"ఇదేనా చిన్న కోడలు?" అంది అమ్ములత్త. "రంభ అంటివే? చీర ఎర్రది గూడా కాదే, బూడిద రంగు!"

"ఎర్ర చీరంటే నీకిష్టమని..." అని నసిగాడు గోవిందస్వామి.

అమ్ములత్త ఇంకాసేపు చూసింది. కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది.

"థూ! దీనికా మనం ఇన్నాళ్ళూ కొట్లాడుకున్నాం? నువ్వు చెప్పిన కథే బాగుండాది గదరా! దమయంతీ, ఆ సౌండు తగ్గించు."

దమయంతి నెత్తి కొట్టుకుంటూ రిమోట్ అందుకుంది. అలమేలు చివరి నుంచి లేచి వచ్చి, మొగుడి ప్లాస్టిక్ కుర్చీని ఇంకాస్త ముందుకు జరిపింది.

గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు. పిట్టగోడ మీద కాకులు లేచిపోయాయి.

"ఇదో, వస్తా ఉండాది చిన్న కోడలు! ఎర్ర చీర. సుమ్మా చూడండి!"