పక్కలోంచి వేసిన పైపు

నీళ్లన్నీ దిగిపోయాక ట్యాంకర్ పైపు చివర్లో ఒకసారి గుర్రుమంటుంది. ఈ ఉదయం కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంపు నింపుతుంటే ఆ చప్పుడుకి నా చెయ్యి దానంతటదే ఎడమ పక్కకు పోయింది. ఆకలైతుందా అన్నాడు వాచ్‌మన్. నా పొట్టను చూసి కూడా ఆ మాట అడిగాడంటే చాలా మంచివాడు. ఏడో తరగతిలో బడి మానేశాక నేను శ్రద్ధగా పెంచింది అదొక్కటే. దాని పక్కన, చొక్కా కింద, ఒక పాత మచ్చ ఉంది. అది డాక్టర్ వసుంధర గారి చేతి పని.

తొంభైల చివర, ఇక్కడి గుట్టలు పగలగొట్టి ఆఫీసులు లేపుతున్నప్పుడు నేను ఆ పనులకు నీళ్లు తోలేవాణ్ణి. ఒకరోజు కడుపు పట్టుకుని పడిపోతే దవాఖానలో చేర్చారు. క్లోమం వాచి, జీర్ణాశయం వెనక చీముగడ్డ కట్టిందన్నారు. చలిజ్వరం వదలదు. పడుకుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నిలబడలేను. ఓనరు నా బండికి వేరే డ్రైవర్ని వెతుకుతున్నాడని తమ్ముడు చెప్పాక ఆ మంచం మీద ముళ్లు మొలిచాయి. అప్పుడు వచ్చి “యాదగిరి గారూ” అన్నారు డాక్టర్ వసుంధర గారు. నేను పక్క మంచం వైపు చూశాను. నన్ను గారు అన్నవాళ్లు అప్పటిదాకా లేరు.

ఆమె గుంటూరు వైపు మనిషి. చీము తీయకపోతే ప్రాణం మీదికొస్తుందని, తీయడానికి రెండు దారులున్నాయని చెప్పారు. ఒకటి, స్కాన్‌లో చూస్తూ పక్కలోంచి సూది దించి, పైపు వేసి, బయట సంచి కట్టడం. రెండోది కొత్తది. కొసకు స్కాన్ ఉన్న గొట్టం నోట్లోంచి దించి, జీర్ణాశయం గోడకు చిన్న దారి చేసి, చీమును అందులోకే వదలడం. బయట పైపూ ఉండదు, సంచీ ఉండదు. నాకు రెండోదే కావాలన్నాను. సంచి వేలాడేసుకుని స్టీరింగ్ ఎట్లా తిప్పేది?

“మీకు నప్పేది అదేనండి. కానీ నాకు రాదు. చూశాను, చెయ్యలేదు. చేసేవాళ్లున్న ఊరికి మిమ్మల్ని ఈ జ్వరంతో పంపలేను.”

“నేర్చుకోండి మేడం. నా కడుపు ఖాళీగనే ఉన్నది గద.”

“మీ కడుపు నా పలక కాదండి.”

చదువుకున్నవాళ్ల నోట ‘నాకు రాదు’ అనే మాట నేను వినడం అదే మొదలు. భయం తగ్గలేదు. కానీ ఆమె వైపు నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

సూది దిగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, కదలొద్దు, నవ్వొద్దు అన్నారు. నాలుక కింద అరడజను జోకులు గిలగిలలాడాయి. మింగేశాను. సంచిలోకి చీము దిగుతుంటే ఆ వాసనకు వార్డుబాయ్ ముఖం తిప్పుకున్నాడు, ఆమె తిప్పుకోలేదు. జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. పైపు పూడుకుపోయింది. సంచి చేత్తో పట్టుకుని వరండాలో ఈ కొసకూ ఆ కొసకూ తిరుగుతూ, కొత్త దారైతే ఈపాటికి బండెక్కేవాణ్ణి కదా అని లోపల్లోపల ఆమెను తిట్టుకున్నాను. అంతలో ఆమే ఎదురొచ్చి, సన్న పైపు సరిపోతుందనుకోవడం తన పొరపాటని, లావుది వేయాలని చెప్పారు. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు. లావు పైపుతో గడ్డ ఎండిపోయింది. బండి మాత్రం ఎవరి చేతికో వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఇంకో బండి దొరికింది. నార్సింగి దగ్గర కొత్తగా పేల్చిన గుట్ట మీంచి నిండు ట్యాంకర్‌ను రివర్స్‌లో దించమన్నాడు సూపర్‌వైజర్. చుట్టూ మనుషులు చూస్తున్నారు. “నాకు రాదు సార్” అన్నాను. నవ్వారు. ఆ పని వచ్చినవాణ్ణి పిలిపించారు, అతను దించాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఇప్పటికీ చెవులు కాలుతాయి, ఏదో జోకు వేసి జారుకోవాలనిపిస్తుంది. అయినా అంటాను.

ఈ మధ్య ఒక ఆసుపత్రికి నీళ్లు తోలుకెళ్తే అక్కడ ఆమె కనబడ్డారు. జుట్టు నెరిసింది. పేరు పెట్టి పిలిచారు, గారుతో సహా. కొత్త దారి నేర్చుకుని ఏళ్లయిందట.

“ఇప్పుడు గడ్డ లేస్తే నోట్లోంచే తీస్తరా మేడం?” అన్నాను.

“తీస్తానండి. కానీ గొట్టం వెళ్లాలంటే ముందు మీ నోట్లోంచి మాటలన్నీ ఖాళీ చేయించాలి. ఆ పని నాకింకా రాదు.”